అవతలి వైపు

మా చిన్న మామయ్య గదిలోకి వెళ్లాలంటే ముందు గడప దగ్గర చేతులు చూపించాలి. వెనకా ముందూ తిప్పి, గోళ్లతో సహా. స్కూల్లో డ్రిల్లు మాస్టారు కూడా అంత పట్టుగా చూసేవారు కాదు. సబ్బుతో కడిగితే చాలదు, తడి పూర్తిగా ఆరాలి. లాగుకి తుడుచుకుంటే మళ్లీ మొదట్నుంచి. తలకి నూనె పెట్టుకున్న ఆదివారం పొద్దున అయితే అసలు ప్రవేశమే లేదు. "ముందు తలంటు కానియ్యి, తర్వాత పాటలు" అనేవాడు. అప్పటికి ఆ గదిలో వీణ రికార్డు మొదలైపోయి ఉండేది. నేను కుంకుడుకాయ నురగ కళ్లలో పడి ఏడుస్తూ, పెరట్లో నూతి పళ్లెం మీద కూర్చుని వినేవాణ్ని.

ఇది 1983 నాటి సంగతి. నాకు పదమూడేళ్లు. మా నాన్నది బదిలీల ఉద్యోగం కావడంతో ఆరో తరగతి నుంచీ నల్లకుంటలో అమ్మమ్మ దగ్గరే పెరిగాను. ఎత్తు కప్పు, షాబాద్ బండల నేల, నడిమి గదిలో ఎప్పుడూ కాస్త చీకటి. మామయ్యకి అప్పటికి పెళ్లి కాలేదు. టెలిఫోన్ల డిపార్ట్‌మెంట్‌లో పని. ఇంట్లో ఇవ్వగా మిగిలిన జీతమంతా కోఠీలోనే రెండు చోట్ల పోయేది. రికార్డులకి సుల్తాన్ బజారు, వైర్లకీ స్పేర్‌పార్టులకీ గుజరాతీ గల్లీ. "ఈ డబ్బుతో ఈపాటికి ఒక స్థలం వచ్చేది" అని తాతయ్య అంటూనే ఉండేవారు. నిజమే, ఆ రోజుల్లో వచ్చేది. ఇప్పుడా లెక్క గుర్తొస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

రికార్డు ప్లేయర్ కొత్తదేం కాదు. ఎవరో అమ్మేస్తుంటే తెచ్చిన పాత గారార్డ్ యంత్రం, ఇంగ్లండుది. దానికి మా వీధి వడ్రంగి చేత టేకు పెట్టె చేయించాడు. దానికంటూ సొంత స్పీకరు లేదు. మర్ఫీ రేడియో వెనకాల పికప్ (రికార్డు గాడిలో తిరిగే ముల్లుండే తల) కోసమని రెండు బొక్కలుంటాయి, అందులో వైర్లు గుచ్చితే పాట రేడియోలోంచి వచ్చేది. రేడియో వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం మామయ్య ఏమీ మాట్లాడడు, మమ్మల్నీ మాట్లాడనివ్వడు.

స్పీడు మీటకి నాలుగు అంకెలు ఉండేవి, నిమిషానికి ఎన్ని చుట్లో: 16, 33, 45, 78. పదహారుతో ఎప్పుడూ పని పడలేదు. మాటల రికార్డుల కోసం పెట్టారట, నేనైతే అలాంటిది ఒక్కటీ చూడలేదు. ముప్పై మూడు అని రాసినా అసలు లెక్క 33⅓. పన్నెండంగుళాల ఎల్పీ, అంటే లాంగ్ ప్లే రికార్డు, ఆ వేగంతోనే 1948లో అమెరికాలో వచ్చింది, మరుసటేడు దానికి పోటీగా ఇంకో కంపెనీ 45 తెచ్చింది. ఇద్దరూ పంతం వదల్లేదు కాబట్టి ప్రపంచం అంతా రెండు వేగాలూ భరించింది. ఈ కథ మామయ్యే చెప్పాడు, తోడికోడళ్ల తగాదా చెప్పినట్టు.

మీట కింద సంగతి ఇంకా బాగుంటుంది. మోటారు ఇరుసు మెట్లు మెట్లుగా ఉంటుంది, ఒక్కో వేగానికి ఒక్కో మెట్టు. ఆ మెట్టుకీ, తిరిగే పళ్లేనికీ మధ్య చిన్న రబ్బరు చక్రం ఒరుసుకుని పళ్లేన్ని తిప్పుతుంది. పాట అయిపోగానే మీట తప్పకుండా ఆఫ్‌లోకి తేవాలి. మోటారు ఆగినా మీట అలాగే వదిలేస్తే రాత్రంతా రబ్బరు ఒకేచోట నొక్కుకుని సొట్ట పడుతుంది. ఇక మర్నాటి నుంచి ప్రతి పాట కిందా 'దబ్‌దబ్' అని ఇంకో తాళం. "రాత్రంతా ఒకవైపే పడుకుంటే పొద్దున నీ చెవి మడత పడదూ? రబ్బరూ అంతే" అనేవాడు. నేను ఈ వయసులో కూడా ఒత్తిగిలి పడుకున్నప్పుడు చెవి సవరించుకుంటాను.

షాబాద్ బండలు చూడ్డానికి నున్నగా ఉన్నా సమంగా ఉండవు. బల్ల కాలి కింద అట్టముక్కలు పెట్టి, పళ్లెం మీద నా గోళీ ఒకటి వదిలి చూసేవాడు. గోళీ ఎటు దొర్లితే అటు కాలు కింద ఇంకో మడత. గోళీ కదలకుండా నిలబడే దాకా గంటైనా సరే. పెట్టె ఒరిగి ఉంటే ముల్లు గాడిలో ఒక గోడకే ఆనుకుంటుందని, అటు చెవిలో ఒకలా ఇటు చెవిలో ఒకలా వినిపిస్తుందని చెప్పేవాడు. మా మర్ఫీ రేడియోకి ఉన్నది ఒక్క స్పీకరే. అయినా సరే.

ఇంకో పిచ్చి ఉండేది, గీతల కాగితం. చక్రంలా కత్తిరించిన కాగితం మీద చుట్టూ 180 నల్లగీతలు. రికార్డు మీద దాన్ని పెట్టి, ట్యూబులైటు కింద తిప్పితే, వేగం సరిగ్గా 33⅓ ఉన్నప్పుడు గీతలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. మన కరెంటు సెకనుకి యాభై ఆవర్తాలు, ట్యూబులైటు వంద సార్లు మిణుకుతుంది, గీతల లెక్క దానికి సరిపోతుంది. వేగం ఎక్కువైతే గీతలు ముందుకి నడుస్తాయి, తగ్గితే వెనక్కి. సాయంత్రం వీధంతా లైట్లు వేసుకునే వేళకి వోల్టేజీ పడిపోయేది, గీతలు మెల్లిగా వెనక్కి నడవడం మొదలయ్యేది. వీణ నిద్రలోకి జారుకుంటున్నట్టు సాగేది. మామయ్య మొహం చూడాలి అప్పుడు. (ఇప్పుడు మా ఫ్లాట్‌లో ఎల్‌ఈడీ లైట్ల కింద అదే కాగితం పెడితే గీతలు నిలబడవు, ఉత్త బూడిదరంగు మసక. ఈ ఒక్క పనికోసం ఒక పాత ట్యూబులైటు ఉంచుకున్నాను. మా ఆవిడకి చెప్పిన కారణం వేరే.)

రికార్డు తియ్యడం నేర్పడానికి నాకు రెండు నెలలు పట్టించాడు. ఎందుకూ పనికిరాని ఒక గీతలు పడ్డ ఎల్పీ ఇచ్చి సాధన చేయించాడు, సంగీతం మాస్టారు సరళీ స్వరాలు చెప్పించినట్టు. అట్ట కవరుని పొట్టకి ఆనించి కొంచెం ఒత్తితే నోరు తెరుచుకుంటుంది. లోపలి కాగితం సంచి అంచు పట్టి లాగాలి, రికార్డుని కాదు. సంచిని వంచితే రికార్డు దానంతటది జారి అరచేతిలోకి వస్తుంది. బొటనవేలి మొదలు అంచుకి, మిగతా వేళ్ల కొసలు మధ్యలో లేబులు మీద. నల్లటి మెరుపు మీద ఏ వేలూ పడకూడదు. రెండో చెయ్యి వచ్చాక, రెండు అరచేతుల మధ్య అంచులతో పట్టుకుని, అద్దంలో మొహం చూసుకున్నట్టు వెలుగుకి వాలుగా పెట్టి చూడాలి. దుమ్ము ఉంటే అప్పుడు కనిపిస్తుంది. పత్తర్‌గట్టీలో కొన్న మఖమల్ ముక్క ఒకటి చెక్కకి చుట్టి ఉండేది. దాంతో గాడి వెంటే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా తుడిస్తే చీపురుతో ముగ్గు ఊడ్చినట్టే. తిరిగి పెట్టేటప్పుడు లోపలి సంచి నోరు పైకి ఉండాలి, అట్ట నోరు పక్కకి. రెండు నోళ్లూ ఒకేవైపు ఉంటే దుమ్ము నేరుగా లోపలికి పోతుంది, కవరు పట్టుకుని కొంచెం వంచితే రికార్డు నేల మీద.

ఆ ఎల్పీకి ఒకవైపు గాడంతా విప్పి చాపితే దాదాపు అర కిలోమీటరు వస్తుందని మామయ్య ఒకరోజు లెక్కగట్టి చూపించాడు. "అంటే మనింటి నుంచి శంకరమఠం దాకా. ఆ దారి మొత్తంలో నువ్వు ఎక్కడ వేలు పెట్టినా అక్కడ ఒక గుంట" అన్నాడు. తలవెంట్రుకంత సన్నని దారి అది. ఇప్పటికీ శంకరమఠం ముందు నుంచి వెళ్తే ఆ లెక్క గుర్తొస్తుంది.

ముల్లు దింపే హక్కు మాత్రం ఆ ఏడాది దసరాకి గానీ రాలేదు. ఊపిరి బిగబట్టి, చిటికెనవేలు పెట్టె అంచుకి ఆనించి, చూపుడువేలితో ముల్లుండే ప్లేయరు చెయ్యిని ఎత్తి, అంచున పాట మొదలుకాని ఖాళీ గాడి మీదకి దింపాలి. సరిగ్గా దిగితే చిన్న 'తుక్', ఆ తర్వాత గింజలు వేగుతున్నట్టు సన్నటి చిటపట. చెయ్యి వణికితే రేడియోలోంచి 'జర్ర్'మని వచ్చేది, అప్పుడు ఇంటిల్లిపాదీ నా వైపు చూసేవాళ్లు. ముల్లుని వేలితో తాకి దుమ్ము తియ్యడం మహాపాపం. బొమ్మలు వేసుకునే సన్న కుంచెతో వెనక నుంచి ముందుకి, ఒక్కసారి. అంతే. కొందరి ఇళ్లలో ముల్లు ఎగరకుండా ప్లేయరు చెయ్యి మీద పదిపైసల బిళ్ల అంటించేవాళ్లు. ఆ సంగతి తెలిసిన ఇంటికి మామయ్య రికార్డు అరువిచ్చేవాడు కాదు. అరువు అడగడానికి వచ్చినవాళ్ల దగ్గర నేనే ముందు "మీ ప్లేయర్ మీద బిళ్ల ఉందా అంకుల్?" అని అడిగేవాణ్ని.

ఇదంతా మామయ్య రికార్డుల సంగతి. అమ్మమ్మ రికార్డులు వేరు.

అమ్మమ్మది తెనాలి. పెళ్లిలో పుట్టింటివాళ్లు తాళం తిప్పే గ్రామఫోను పెట్టె, దాంతోపాటు పది పన్నెండు ప్లేట్లు ఇచ్చారట. ఆవిడ ఎప్పుడూ రికార్డు అనలేదు, ప్లేటు అనే అనేది. అన్నీ 78లే, పదంగుళాలవి, ఒక్కో వైపు మూడు నిమిషాలు. తాతయ్య ఉద్యోగంతోపాటు ఆ పెట్టె కర్నూలు వెళ్లింది. 1956లో రాజధాని మారినప్పుడు సెక్రటేరియట్ ఫైళ్లతో పాటే అన్నట్టు హైదరాబాదు వచ్చింది. దారిలో స్ప్రింగు విరిగింది. ప్లేట్లు మాత్రం అమ్మమ్మ పట్టుచీరల మధ్య పెట్టుకుని తెచ్చింది కాబట్టి బతికాయి. 78 ప్లేటు చేతిలోంచి జారితే ఎల్పీలా ఎగిరి పడదు, అప్పడంలా విరుగుతుంది.

వాటిలో రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాల ప్లేటు ఒకటి ఉండేది. ఆవిడకి ప్రాణం. మామయ్య గారార్డ్ తెచ్చాక అది మళ్లీ పాడటం మొదలుపెట్టింది. ముల్లు కూడా మార్చుకోవాలి. పికప్‌కి చిన్న పుల్లలాంటి మీట ఉండేది, అటు తిప్పితే ఎల్పీ ముల్లు, ఇటు తిప్పితే 78 ముల్లు. పాత ప్లేట్ల గాడి మూడింతలు వెడల్పు, ఎల్పీ ముల్లుతో వేస్తే గాడి అడుగున దుమ్మంతా గీరుకుంటూ పోతుంది. అమ్మమ్మ చిన్నప్పుడైతే ఉక్కు ముళ్లు, ఒక్కో వైపుకి ఒక్కోటి వాడి పారేసేవారు. ప్లేటులోనే రాతిపొడి కలిపేవారు, మొదటి చుట్టులోనే ముల్లు అరిగి గాడికి సరిపోయే ఆకారానికి రావాలని. ప్లేటే ముల్లుని చెక్కుకునేదన్నమాట.

ఆ ప్లేటు మీద బాగా మురికి ఉండేది. నిజానికి మురికో, అరుగుదలో నాకు తెలీదు. పాట వెనకాల ఎప్పుడూ వాన కురుస్తున్నట్టు హోరు. అమ్మమ్మకి దాంతో పేచీ లేదు. నాకే ఉండేది.

ఆ చలికాలంలో మా ఇంటికి టేప్ రికార్డరు వచ్చింది. మూడు నెలలకే పాట మొద్దుబారిపోయిందని మామయ్యతో గుజరాతీ గల్లీకి వెళ్లాను. మెకానిక్కు మూత తీసి, దూదిని స్పిరిట్‌లో ముంచి హెడ్డు తుడిచాడు. దూది గోధుమరంగుకి వచ్చింది. మూత పెట్టి నొక్కగానే గొంతు గాజులా పలికింది. "బస్, హో గయా" అన్నాడు, రెండు రూపాయలు తీసుకున్నాడు. నా కళ్ల ముందు ఒక రహస్యం బయటపడింది. అంతా స్పిరిట్‌లోనే ఉంది.

అమ్మమ్మకి రోజూ ఇన్సులిన్ ఇచ్చేవారు కాబట్టి ఇంట్లో స్పిరిట్ సీసా ఎప్పుడూ ఉండేది. ఒక మధ్యాహ్నం, మామయ్య ఆఫీసులో, అమ్మమ్మ నిద్రలో. ముందు తెలివిగా సాధన చేసిన పాత ఎల్పీ మీద చూశాను. ఏమీ కాలేదు, ఇంకా మెరిసింది. ధైర్యం వచ్చింది. అమ్మమ్మ ప్లేటు తీసి, బల్ల మీద తువాలు పరిచి, చేతులు కడుక్కుని (ఆ శ్రద్ధలో ఏ లోటూ లేదు), దూది ముంచి గాడి వెంటే గుండ్రంగా తుడిచాను.

దూది నల్లగా వచ్చింది. ఎంత మురికో! సంబరం పట్టలేక ఇంకో దూది. అది కూడా నల్లగానే. మూడోది. నాలుగో దూదికి కొంచెం అనుమానం రావలసింది, రాలేదు. యాభై ఏళ్ల మురికి మరి, అంత తొందరగా పోతుందా అనుకున్నాను. అయిదోది ప్లేటుకి అతుక్కుంది. లాగితే పీచు లేచింది, పీచుతోపాటు వేలికి నల్లటి జిగురు. అప్పుడు వెలుగుకి వాలుగా పెట్టి చూశాను. మెరుపు లేదు. గాడులు లేవు. బెల్లం పాకం మీద ఈగలు వాలినట్టు దూది పోగులు.

మురికి అనుకుని నేను అయిదు దూదుల్లోకి ఎత్తింది పద్యాన్ని.

సాయంత్రం మామయ్య వచ్చి చూశాడు. తిడతాడనుకుంటే తిట్టలేదు, అదే భయం వేసింది. దూది ముక్కలన్నీ కాగితంలో ఎందుకో పొట్లం కట్టాడు. ఆ ఆదివారం నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని చార్మినార్ వైపు తీసుకెళ్లాడు, పాత గ్రామఫోన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని ప్లేటు అటూ ఇటూ తిప్పాడాయన, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "స్పిరిట్ డాలే క్యా?" అన్నాడు. మామయ్య నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను. ఆయన నవ్వేసి, "లాఖ్ హై మియా యే. గల్ జాతా" అని, మమ్మల్ని గల్లీ చివర్దాకా నడిపించి లాడ్ బజారు చూపించాడు.

అక్కడ ఒక దుకాణం గడపలో ఒకతను నిప్పుల కుంపటి ముందు కూర్చుని గాజులు చేస్తున్నాడు. లక్క ముద్దని సెగకి చూపిస్తే తేనెలా మెత్తబడుతోంది. దాన్ని సన్నటి తీగలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, చివర్లు అతికి, చల్లారేలోగా ఒక్కొక్క రాయీ అద్దుతున్నాడు. చల్లారాక గోటితో కొడితే టంగుమంది. "యహీ మాల్, వహీ మాల్" అన్నాడు పెద్దాయన, గాజునీ ప్లేటునీ మార్చి మార్చి చూపిస్తూ.

నాకు అప్పుడు అర్థమైంది. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్కే ఆ ప్లేటుకి బంక. దాంట్లో రాతిపొడి, నల్లరంగుకి మసి కలిపి వేడి అచ్చులో నొక్కుతారు. వడ్రంగులు తలుపులకి పాలిష్ వేయడానికి లక్క పొలుసుల్ని స్పిరిట్‌లోనే నానబెట్టి కరిగిస్తారు. మామయ్య టేకు పెట్టెకి మా ఎదురుగానే వేసిన పాలిష్ అదే. అంటే ఒక సంవత్సరం ముందు ఆ వడ్రంగి కుండలో చూసిందే నేను అమ్మమ్మ ప్లేటు మీద చేశాను. ఎల్పీది ప్లాస్టిక్కు, దానికి స్పిరిట్ అంటుకోలేదు, అందుకే మోసపోయాను. రెండూ నల్లగానే ఉంటాయి, రెండూ పాడతాయి, ఒకటి చెట్టు నుంచి వచ్చింది ఒకటి ఫ్యాక్టరీ నుంచి. ఒకదానికి ఎండ గండం, ఇంకోదానికి నా బోటివాడు. తర్వాతెప్పుడో చదివాను: 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ రికార్డు కోసం పాడినప్పుడు ఆ పాటల్ని అచ్చు వేయడానికి జర్మనీలో హానోవర్‌కి పంపారు, 1908లో గానీ కలకత్తాలో ఫ్యాక్టరీ రాలేదు. లక్కకేమో మన దేశమే పెద్ద దిక్కు. మన చెట్ల లక్క ఓడెక్కి వెళ్లి, మన పాటై ఓడ దిగేదన్నమాట.

వెనక్కి వచ్చేటప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర స్కూటరు ఆపి మామయ్య టీ తాగాడు. నాకు ఉస్మానియా బిస్కట్ ఇప్పించాడు. అప్పుడొక్క మాట అన్నాడు. "తుడిచే ముందు అదేంటో తెలుసుకోవద్దట్రా?" అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. కావాలనుకుంటే జీవితాంతం ఎత్తి పొడవగలిగిన విషయం అది.

అమ్మమ్మకి ఎవరు చెప్పాలి అన్నది సమస్య. మామయ్య "నువ్వే" అన్నాడు. వంటింట్లో గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. చెప్పాను. చెయ్యి ఆపలేదు. "రెండు వైపులా తుడిచావా?" అంది. లేదు, ఒకటే. "ఏ వైపు?" చెప్పాను. కాసేపు ఆలోచించి, "పోనీలే, రెండో వైపు వెయ్యి వెళ్లు" అంది.

వేశాను. పాడైన వైపు కిందకి పోయింది, పళ్లెం మీద గుడ్డకి అంటకుండా మామయ్య పల్చటి కాగితం వేశాడు. మూడు నిమిషాల పద్యం, అదే హోరు, అదే గొంతు. చివర్లో ముల్లు లేబులు అంచుకి చేరి సర్... సర్... అంటుంటే నేను లేచి ఆపబోయాను. వంటింట్లోంచి అమ్మమ్మ మొదలుపెట్టింది, అవతలి వైపు పద్యం. రాగాలు లేవు, సాగదీయడాలు లేవు, మామూలుగా మాట్లాడుతున్నట్టే చెప్పేసింది. నిమిషం కూడా పట్టలేదు. "ఆయనలా రాగం తీసే ఊపిరి నాకెక్కడిది, సంగతి మాత్రం ఇదీ" అని ముగించింది. ఆ తర్వాత ఆ ప్లేటు ఎప్పుడు వేసినా అంతే. ఒక వైపు కపిలవాయి, రెండో వైపు అమ్మమ్మ. ఎంత పనిలో ఉన్నా ఆ సర్ సర్ వినిపిస్తే అందుకునేది. ఒకసారి పక్కింటి పిన్నిగారితో బియ్యం ధర మాట్లాడుతూ మధ్యలో ఆపి మరీ చెప్పింది.

గారార్డ్ పికప్ రెండేళ్ల తర్వాత ఒక వానాకాలం మూగబోయింది. లోపల ఒకరకం ఉప్పు స్ఫటికం ఉంటుంది, తేమకి చచ్చిపోతుంది. కూలరు పెట్టిన గదిలోనే ప్లేయరు ఉండటం దాన్ని ఇంకా తొందర పెట్టిందని మామయ్య అనుమానం. అప్పటికి ఊరంతా క్యాసెట్లే. పెట్టె అటక ఎక్కింది, తర్వాత కబాడీకి పోయింది. రికార్డులు మాత్రం నిలువుగా, ఒకదానికొకటి ఒరగకుండా, ఇనప బీరువాలో ఉన్నాయి. ఇల్లు అమ్మినప్పుడు నా వాటాకి నేను అడిగింది అదొక్కటే. ఎవరూ పోటీకి రాలేదు.

ఈమధ్య మా అమ్మాయి సూట్‌కేసులాంటి ఒక బుల్లి ప్లేయరు కొనుక్కుంది, ముద్దుగా ఉంది. రికార్డు దాని కొస దాటి బయటికి వేలాడుతుంది, ముల్లు బరువుగా దిగుతుంది. నేను బంగారం తూచే చిన్న కాటా పెట్టి చూసి కళ్లు తిరిగి, దానికి ఈమని శంకరశాస్త్రి గారి వీణ ఇవ్వనని చెప్పేశాను. తగాదా అయింది. చివరికి ఇద్దరం రాజీకొచ్చి బెల్టుతో తిరిగేది ఒకటి తెచ్చుకున్నాం. వెనక బరువు తిప్పి ముల్లు ఒత్తిడి 1.8 గ్రాములకి పెట్టుకున్నాం. దానికి 78 వేగం లేదు. అందుకని జుమ్మెరాత్ బజారులో నాలుగు గురువారాలు తిరిగి ఇంకోటి కొన్నాను, 78 ముల్లు విడిగా తెప్పించాను. ఇంట్లో ఇప్పుడు మూడు ప్లేయర్లు. మా ఆవిడ లెక్కపెట్టడం మానేసింది.

మామయ్య కూకట్‌పల్లిలో ఉంటాడు, చెవులు బాగా తగ్గాయి. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మెషీను సర్దుకుంటూ ప్లేయరు దగ్గర కూర్చున్నాడు. మా అమ్మాయి ప్లేటు తియ్యబోతుంటే, అలవాటుగా, చెయ్యి చాపాడు. దానికి అర్థం కాలేదు, తాతగారు షేక్‌హ్యాండు ఇమ్మంటున్నారనుకుంది. నేను చెప్పాక చేతులు రెండూ తిప్పి చూపించింది. నెయిల్ పాలిష్ చూసి మామయ్య కాసేపు తటపటాయించి, సరే కానిమ్మన్నట్టు తల ఊపాడు.

రెండో వైపు వేశాం. మూడు నిమిషాలయ్యాక సర్... సర్... "అవతలి వైపు ఏముంది నాన్నా?" అని మా అమ్మాయి ప్లేటు తిప్పి, దూది పోగులు చూసి, వేలు పెట్టబోయి ఆగింది.

ఆ పద్యం నాకు మొత్తం వచ్చు. చెప్పాను కూడా, అమ్మమ్మ చెప్పినట్టే, రాగం లేకుండా. కపిలవాయి ఎలా పాడి ఉంటారో మాత్రం గుర్తు లేదు. యూట్యూబులో ఉండే ఉంటుందని మా అమ్మాయి ఫోను తీసింది. మామయ్యకి ఎంత వినపడిందో ఏమో, చెయ్యి అడ్డం పెట్టి, "ముందు ముల్లు ఎత్తండర్రా, అరిగిపోతోంది" అన్నాడు.